వుజూ నీరు – పొరుగువారి హక్కు

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక! అమ్మా బఅద్.

ధార్మిక సోదరులారా!

వుజూ విధులు, సున్నతులు మీకు తెలిసినవే. వాటిని ఈ రోజు మళ్లీ వివరించబోము. ఆ వుజూకు మనం వాడే నీరు ఎక్కడి నుండి వస్తున్నది, అందులో ఇంకెవరికి హక్కున్నది అన్నదే నేటి విషయం.

నిరుటి వేసవిలో మన మస్జిద్ పాత బోరు ఎండిపోయింది. చందాలు పోగుచేసి 600 అడుగుల బోరు వేయించాము. నీరు పడింది, అల్‌హందులిల్లాహ్ అన్నాము. ఆ నెలలోనే వెనుక వీధిలో ఒక పెద్దమ్మ గారి బోరు ఆగిపోయింది. అది 200 అడుగులది. మన బోరు వల్లనే ఆగిందని రుజువు చేయడం ఎవరి తరమూ కాదు. మన రాయలసీమ రాతినేలలో నీరు బండల పగుళ్ల వెంట పారుతుంది, ఆ దారులు పైకి కనబడవు. రుజువు లేదన్న మాటే మనకు ఆసరా అయింది.

ఒకనాడు ఆమె మనుమడు బిందె పట్టుకొని మన వుజూఖానా వద్దకు వచ్చాడు. కుళాయి పూర్తిగా తిప్పి ఉంచి, ప్రక్కవారితో మాట్లాడుతూ పాదాలు కడుగుకొంటున్న ఒక సోదరుడు, "ఈ నీళ్లు నమాజీలకు బాబూ, బయటికి ఇవ్వరు" అన్నారు. పిల్లవాడు ఖాళీ బిందెతో వెళ్లిపోయాడు. మేము అక్కడే ఉన్నాము. జమాఅత్‌కు వేళయిందని లోపలికి నడిచాము. ఈ సంగతిని ఇంతకాలం మింబర్‌పై చెప్పలేకపోయాము.

ఆ సోదరుని మాటకు ఫిఖ్హ్‌లో ఆధారం లేకపోలేదు. వఖ్ఫ్ చేసిన వస్తువును ఏ ఉద్దేశంతో ఇచ్చారో అందుకే వినియోగించాలి. అయితే మన హనఫీ పండితులు మరొక మాట కూడా వ్రాశారు. స్వంత నీటినిగాని, నదీజలాన్నిగాని వుజూలో దుబారా చేయడం మక్రూహ్. వుజూ కోసం వఖ్ఫ్ అయిన నీటిని, మద్రసా నీటిని దుబారా చేయడం హరామ్. ఎందుకంటే దాత అనుమతించినది అవసరానికే గాని అదనానికి కాదు. నియమంలో మొదటి సగాన్ని పిల్లవానికి వినిపించాము. రెండవ సగాన్ని కుళాయి క్రింద పారబోశాము.

ఎంత పారబోస్తున్నామో చూద్దామని మేము ఒక బకెట్టును కుళాయి క్రింద పెట్టి కొలిచాము. ఒకరి వుజూకు అయిదు లీటర్లు, ఒకరికి ఏడు, ఒకరికి తొమ్మిది. (మా స్వంత వుజూ ఆరు లీటర్లని తేలింది. ముప్ఫై ఏళ్లుగా వుజూ పాఠం చెబుతున్నవారి లెక్క అది.) అయిదు పూటలకు కలిపి ఇక్కడ దాదాపు 200 వుజూలు జరుగుతాయి. ఒక్కొక్కటి ఏడు లీటర్ల చొప్పున అది రోజుకు 1400 లీటర్లు.

మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఒక ముద్దు నీటితో వుజూ, ఒక సాఅ నుండి అయిదు ముద్దుల నీటితో గుసుల్ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్నది. పండితుల భిన్న లెక్కలను బట్టి ముద్దు అంటే ముప్పావు లీటరు నుండి ఒక లీటరు. పారే నది ఒడ్డున కూడా వుజూలో దుబారా వద్దన్న హదీసును మనం తరచుగా వింటుంటాము. దాని పరంపరపై హదీసువేత్తలకు అభ్యంతరాలున్నాయి గనుక దానిపై వాదన నిలపము. అనస్ గారి ఉల్లేఖనం చాలును. తినండి, త్రాగండి గాని మితిమీరవద్దన్న భావంగల ఆజ్ఞ సూరా ఆరాఫ్ 31వ ఆయతులో ఉండనే ఉన్నది. ఆ ఆయతు మస్జిద్ ప్రస్తావనతోనే మొదలవుతుంది.

సోదరులారా! నీరు తానుగా పైకి రాదు. వెయ్యి లీటర్లను 600 అడుగుల లోతు నుండి తోడాలంటే, మోటారులో వృథా అయ్యేదానితో కలిపి, సుమారు ఒక యూనిట్ విద్యుత్తు కావాలి. బొగ్గుతో ఆ యూనిట్ తయారు కావాలంటే అర కిలోకు మించిన బొగ్గు కాలాలి. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం పొగగొట్టాలను మీలో చాలామంది చూసే ఉంటారు. మనం ఇక్కడ నిర్లక్ష్యంగా తిప్పే కుళాయికి ఆ బూడిదతో సంబంధం ఉన్నది. అక్కడి గాలి పీల్చేవారూ మన పొరుగువారే.

పొరుగువారి బావి గురించి మన ధర్మశాస్త్రం మౌనంగా లేదు. బావికి 'హరీమ్' ఉంటుంది. అంటే దాని చుట్టూ ఇంకొకరు బావి త్రవ్వకూడని పరిధి. పశువులు నీరు త్రాగే బావికి అది 40 మూరలు. ఆ పరిధికి బయట త్రవ్వినందువల్ల మొదటి బావిలో నీరు తగ్గితే త్రవ్వినవానిపై బాధ్యత లేదనీ ఫుఖహా వ్రాశారు. ఈ మాటను దాచడం న్యాయం కాదు. కాని వారి కాలంలో నీటిని చేతులతో, ఎద్దులతో తోడేవారు. 600 అడుగుల లోతున రాత్రింబవళ్లు తిరిగే మోటారు ప్రభావం 40 మూరల వద్ద ఆగదు. మనపై నష్టపరిహారం పడదేమో, కాని పొరుగువారి దాహాన్ని చూసి కూడా నీరు పారబోసే అనుమతి అందులో లేదు.

ఈ నెలలో కమిటీ కొన్ని పనులు చేసింది. వుజూఖానాలో నొక్కితే కొద్ది క్షణాలు వచ్చి తనంతట ఆగిపోయే కుళాయిలు పెట్టారు. నీటి ధారలో గాలిని కలిపే చిన్న జాలీలను మిగిలిన కుళాయిలకు బిగించారు. పెద్దల కోసం బధ్నాలు కూడా ఉంచారు. మా అభిప్రాయంలో బధ్నాను మించిన పరికరం లేదు, ఎందుకంటే ఎంత మిగిలిందో కంటికి కనబడుతుంది. మొన్న మళ్లీ కొలిస్తే ఒక్కొక్క వుజూ రెండు లీటర్ల దగ్గరకు వచ్చింది. రోజుకు సుమారు వెయ్యి లీటర్లు మిగులుతున్నాయి. వుజూ నీటి కాలువను మురుగు నుండి తప్పించి ఇంకుడు గుంతకు మళ్లించారు.

ఇక మీ ఇళ్ల సంగతి. నీరు శుద్ధిచేసే ఆర్.ఓ. యంత్రం ఒక లీటరు ఇచ్చి మూడు లీటర్ల వరకు బయటికి వదలడం సాధారణం. నల్లగొండ వంటి ఫ్లోరైడ్ ప్రాంతాలలో అది అవసరం, దానిని తప్పుపట్టము. కాని నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములకు లోపు ఉంటే ఆ యంత్రాలను నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే ఆదేశించింది. కొనేముందు నీటిని పరీక్ష చేయించండి. పక్కింట్లో ఉన్నదనో, కట్నం సామానులో బాగుంటుందనో కొనవద్దు. ఇప్పటికే ఉన్నవారు వదిలిన నీటిని బకెట్టులో పట్టి ఇల్లు తుడవడానికి, పాయిఖానాకు వాడండి.

మిగిలిన వెయ్యి లీటర్ల విషయం చెప్పాలి. బోరుకు చందా ఇచ్చినవారు మన మధ్యనే ఉన్నారు. వారందరినీ అడిగాము, అంగీకరించారు. మస్జిద్ గోడకు వెలుపల, వీధివైపు ఒక కుళాయి పెడుతున్నాము. ప్రతిరోజూ ఫజ్ర్ తరువాత రెండు గంటలు నీరు వదులుతారు. ఎవరైనా పట్టుకోవచ్చు, ఎవరు ఏ మతమని అడగరాదు. ఈ మాట చెప్పడానికి, నాటి మా మౌనానికి క్షమాపణ కోరడానికి ఈ రోజు అసర్ తరువాత మేము ఆ పెద్దమ్మ గారి ఇంటికి వెళ్తున్నాము. రాదలచినవారు గేటు వద్ద ఉండండి.

అఖూలు ఖౌలీ హాజా వ అస్తగ్‌ఫిరుల్లాహ లీ వ లకుమ్ వ లిసాయిరిల్ ముస్లిమీన్.