రికార్డుకెక్కని ప్రమాదం

(జిల్లా కేంద్రంలో జరిగిన ముస్లిం ఉద్యోగుల, పొరుగుసేవల సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ కార్యాలయాలలో తీవ్రమైన సంఘటన జరిగినప్పుడు దానిని ఎవరికి, ఎలా తెలియజేయాలో చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. పనిలో ప్రాణం పోవడం, అవయవం పోవడం, స్త్రీపై లైంగిక వేధింపు, ఉద్యోగిపై దౌర్జన్యం ఇవన్నీ తీవ్రమైన సంఘటనలే. మన బిడ్డలలో అనేకులు నేడు కాపలాదారులుగా, డ్రైవర్లుగా, పారిశుద్ధ్య సిబ్బందిగా, కంప్యూటర్ ఆపరేటర్లుగా ఏజెన్సీల ద్వారా పనిచేస్తున్నారు. ఈ విషయం ముందుగా వారి ఇళ్లలో తెలియాలి.

చట్టం చెప్పే ముందు నా తప్పు చెబుతాను.

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో పొరుగుసేవల కాపలాదారు ఒకరుండేవారు. మన సమాజంవాడే. ఒకనాడు మేడ మీది నీళ్ల ట్యాంకు శుభ్రం చేయమన్నారు. అది అతని పని కాదు. అయినా ఎక్కాడు, కాలు జారి పడ్డాడు. ఆసుపత్రిలో బంధువులు ఏజెన్సీవారు చెప్పమన్నట్లే "ఇంటి మేడ మీది నుండి పడ్డాడు" అని చెప్పారు. మూడవ రోజున మరణించాడు. హాజరుపట్టీ నా దగ్గర ఉండేది. పై అధికారి నన్ను పిలిచి, "ఏజెన్సీకి చిక్కు, మనకూ చిక్కు. ఆ రోజు సెలవు వేయండి. కుటుంబానికి అందరం తలా కొంత ఇద్దాం" అన్నారు. నేను సెలవు అని వ్రాశాను. చందా వసూలు చేసి, కవరు నేనే ఆ ఇంటికి తీసుకువెళ్లాను. ఆ తల్లి కన్నీళ్లతో, "భాయ్‌సాబ్, అల్లాహ్ మీకు మేలు చేయుగాక" అని దుఆ చేసింది.

రెండేళ్లు దాటిన తరువాత ఎవరో చెప్పగా ఆమె నష్టపరిహారం కోసం కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. ఆసుపత్రి చీటీలో ఇల్లు అని ఉంది. పోలీసు స్టేషనులో ఏమీ లేదు. కార్యాలయంలో ఉన్న ఒకే ఒక్క ఆధారం హాజరుపట్టీ. అందులో నా చేతివ్రాత ఉంది. ఆనాడు కూడా నేను నోరు విప్పలేదు. పదవీ విరమణ తరువాత నిజం వ్రాసి, సంతకం చేసి ఆమెకు ఇచ్చాను. అప్పటికి ఆ ఏజెన్సీయే లేదు. ఆ దుఆ గుర్తుకు వచ్చినప్పుడల్లా నాకు సిగ్గు కలుగుతుంది.

పవిత్ర ఖుర్ఆన్‌లో సూరె బఖరా 282వ ఆయత్ అప్పు వ్యవహారాన్ని వ్రాసిపెట్టుకోమని ఆదేశిస్తుంది. వ్రాయగలవాడు వ్రాయనని నిరాకరించరాదని కూడా చెబుతుంది. దాని తరువాతి ఆయత్ సాక్ష్యాన్ని దాచేవాని హృదయం పాపంతో నిండినదని హెచ్చరిస్తుంది. నేను ఈ ఆయత్‌లు చదవనివాడిని కాను. చదివి కూడా ఆ గడిలో సెలవు వ్రాశాను.

ఇక చట్టం. పనిలో గాయపడిన, మరణించిన కార్మికునికి పరిహారం చెల్లించవలసిన బాధ్యత 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం నుండి వస్తున్నది. ఆ సూత్రాలే 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనికి వచ్చాయి. ఇందులో నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, ఏజెన్సీ మనిషి అన్నంత మాత్రాన పని చేయించుకున్నవారి బాధ్యత తీరదు. ఆ చట్టం దృష్టిలో ప్రభుత్వ శాఖ నిర్వహించే విధులు కూడా వ్యాపారంతో సమానమే. రెండు, దావాకు గడువు 2 సంవత్సరాలు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ఉన్నా, దానిని నమ్ముకొని కూర్చోరాదు. మూడు, కార్మికుడు ప్రమాదంలో మరణించాడని ఎవరి ద్వారా తెలిసినా సంబంధిత అధికారి యజమానికి నోటీసు పంపి, 30 రోజులలో వివరణ కోరవచ్చు. అంటే పొరుగువారైనా, మసీదు కమిటీవారైనా ఆ సమాచారం ఇవ్వవచ్చు. నాలుగు, జీతంలో ఇ.ఎస్.ఐ. కోత ఉన్నవారి కుటుంబానికి ఆశ్రితుల పింఛను అక్కడి నుండే వస్తుంది. దానికి కూడా ప్రమాదం పనిలోనే జరిగిందన్న రుజువు కావాలి.

సోదరీమణులకు ఒక మాట. రాజస్థాన్‌లో భంవరీ దేవి ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో గ్రామస్థాయి కార్యకర్త. బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె దాచుకోలేదు, ఫిర్యాదు చేసింది. 1995లో కింది కోర్టు నిందితులను అత్యాచార నేరం నుండి విముక్తులను చేసింది. కానీ ఆమె ఉదంతం ఆధారంగా మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లగా 1997లో విశాఖ తీర్పు వచ్చింది. ఆ తీర్పు నుండే 2013 చట్టం పుట్టింది. ఒక గ్రామీణ స్త్రీ ఫిర్యాదు ఈ దేశంలోని ప్రతి కార్యాలయంలో అంతర్గత కమిటీకి దారి తీసింది.

ఈ చట్టం పొరుగుసేవల ఉద్యోగినులకూ వర్తిస్తుంది. 10 మంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. లేని చోట, లేదా యజమాని మీదనే ఫిర్యాదైనప్పుడు జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. గడువు 3 నెలలు. కారణముంటే మరో 3 నెలలు పొడిగిస్తారు. విచారణ 90 రోజులలో ముగియాలి. ఫిర్యాదు చేసిన స్త్రీ పేరు వెల్లడించరాదు. నిరూపించలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు కాదు. పరువు పోతుందని ఆడబిడ్డను ఉద్యోగం మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టే తండ్రులకు నా విన్నపం ఇది. తప్పు చేసినవాడు రేపు కూడా అదే కుర్చీలో కూర్చుంటాడు. ఆ కుర్చీ ఎదుటికి మరొకరి బిడ్డ వస్తుంది.

ఇప్పుడు గుమాస్తాగా నాకు తెలిసిన పద్ధతి చెబుతాను. ఫోనులో చెప్పినది కార్యాలయంలో ఎక్కడా నిలవదు. కాగితం ఇవ్వండి. తేది, సమయం, స్థలం, ఏమి జరిగింది, ఎవరు చూశారు, ఆ పని ఎవరు చెప్పారు, ఇంతవరకే వ్రాయండి. కోపం, ఊహ అందులో వద్దు. తపాలు గుమాస్తాకు ఇచ్చి, మీ నకలు మీద ముద్ర, తేది, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు భద్రపరచండి. ఆసుపత్రిలో డాక్టరుకు పని స్థలంలోనే జరిగిందని చెప్పి, మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమనండి. పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు ఎఫ్.ఐ.ఆర్.గా నమోదైతే దాని నకలు ఉచితంగా పొందడం మీ హక్కు. ఆ నెల హాజరుపట్టీని ఫోటో తీసి ఉంచుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇవ్వండి. 2005 సమాచార హక్కు చట్టం కింద మీ ఫిర్యాదుపై తీసుకున్న చర్య ఏమిటని అడగండి. సాధారణంగా 30 రోజులలో జవాబు ఇవ్వాలి.

"మన పేరు చూస్తేనే చులకన. ఫిర్యాదు కూడా చేస్తే ఉద్యోగం ఉంటుందా?" అని మీరు అడగవచ్చు. ఆ భయం అకారణమని నేను అనను. రేపటి నుండి రావద్దని ఏజెన్సీ ఒక్క మాటతో చెప్పగలదు. అందుకే ఒంటరిగా వెళ్లవద్దు. కలిసి పనిచేసేవారు ఏ మతంవారైనా వారితో కలిసి సంతకాలు చేయండి. ట్యాంకు ఎక్కమన్న ఆజ్ఞ ఈనాడు మనవాడికి వస్తే, రేపు మరొకరి బిడ్డకు వస్తుంది. మతం పేరుతోనే అవమానం జరిగితే అన్న మాటలను అన్నట్లే వ్రాసి, రాష్ట్ర మైనారిటీ కమిషనుకు కూడా నకలు పంపండి.

2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు ఆంధ్ర కార్మికులు విషవాయువుతో ప్రాణాపాయంలో పడ్డారు. ఒక ముస్లిం ఆటో డ్రైవరు వారిని కాపాడాలని లోపలికి దిగాడు. ముగ్గురూ మరణించారు. వారి భాష అతనిది కాదు, వారి ఊరు అతనిది కాదు. మురుగుకాలువ మరణాలకు కనీసం 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం ఒక కుటుంబానికి అందాలన్నా మనిషి పనిలో ఉండగా మరణించాడని ఎవరో ఒకరు వ్రాసి ఉండాలి.

ఆ డ్రైవరు వలె ప్రాణం ఇవ్వమని మనలను ఎవరూ అడగడం లేదు. చూసినది చూసినట్లు ఒక కాగితం మీద వ్రాయమని అడుగుతున్నారు. కార్యాలయాలలో కూర్చున్న నా సోదర గుమాస్తాలారా, రేపు మీ ముందుకు అటువంటి హాజరుపట్టీ వస్తే ఉన్నది ఉన్నట్లు వ్రాయండి. నేను వ్రాయలేదు. అల్లాహ్ నన్ను క్షమించుగాక, మీకు ఆ ధైర్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.