భూగర్భశాస్త్రం – మన పిల్లల పై చదువు



గోల్కొండ కోట నిలిచిన గ్రానైటు గుట్ట వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఇటువంటి సంగతులు రాళ్లనుంచే చదివే విద్య భూగర్భశాస్త్రం. ఉస్మానియాలో దీనికి ఎం.ఎస్సీ. ఉన్నది. ఐ.ఐ.టి.లకైతే ‘జామ్’ పరీక్ష వ్రాయాలి. ఆపైన యు.పి.ఎస్.సి. పరీక్ష నెగ్గితే, 1851లో ఏర్పడిన జియలాజికల్ సర్వేలో ఉద్యోగం.

అయితే ఇది గదిలో కూర్చుని పూర్తిచేసే చదువు కాదు. సుత్తి, దిక్సూచి పట్టుకుని కొండలెక్కాలి, రాతిపొరల వాలు కొలవాలి. ఇక్కడే మనం ఆడపిల్లలను ఆపేస్తున్నాము. మేమూ మా ఇంటి పిల్లను క్యాంపుకు పంపక చదువు మాన్పించాము, ఇప్పుడు బాధపడుతున్నాము. తోడెవరు, బస ఎక్కడ అని అధ్యాపకులను అడుగుదాం. అడగకుండానే వద్దనకండి.