ఒక్క బుడ్డగింజలో నాలుగు శాస్త్రాలు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను నాలుగు సంగతుల మీద మాట్లాడమన్నారు. తినే తిండి విషం కాకుండా చూసే పరిశోధన ఒకటి. పారేసే వస్తువులోంచి పనికొచ్చేది రాబట్టే పరిశోధన రెండోది. గణిత నమూనాలు మూడోది. క్వాంటం భౌతికశాస్త్రం నాలుగోది. అరగంటలో నాలుగు సముద్రాలు ఈదమన్నట్టుంది ఇది. ఆలోచించి ఆలోచించి చివరికి జేబులో ఒక బుడ్డగింజ వేసుకుని వచ్చాను. దేవరగట్టు కింద హొళగుంద, ఆలూరు వైపు నుంచి వచ్చినవారు, ఎమ్మిగనూరు, ఆదోనివారు అందరూ ఎరిగిన గింజ ఇది. పుస్తకాల్లో వేరుశనగ అంటారు, మనం బుడ్డలంటాం, శెనక్కాయలంటాం, ఇండ్లల్లో ఫల్లీ అంటాం. ఆ నాలుగు శాస్త్రాలూ ఈ ఒక్క గింజలో ఉన్నాయని చూపించడానికి ప్రయత్నిస్తాను.

ముందు నా ఇంటి మాట ఒకటి. మా అమ్మీ ఒక బుడ్డల మిల్లులో ఏరివేత పనికి పోయేది. మంచి పప్పు ఒకవైపు, నల్లబడినది, ముడత పడినది, బూజు పట్టినది మరొకవైపు. ఆ రెండో కుప్పలోంచి సాయంత్రం ఇంత కొంగున కట్టుకుని వచ్చేది. దొంగతనం కాదు, పారేసేదే కదా అని ఇచ్చేవాళ్లు. ఆ రాత్రి మా ఇంట్లో ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి శెనక్కాయల పొడి. కాస్త చేదుగా ఉన్నా రొట్టెలోకి ఎంతో ఇష్టంగా తినేవాళ్లం. ఆ చేదు వెనుక ఏముందో మా అమ్మీకి తెలియదు, మిల్లువాళ్లకూ తెలియదు. నాకు కాలేజీకి పోయాక తెలిసింది.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. కారణం తెలియక మొదట దాన్ని "టర్కీ ఎక్స్ జబ్బు" అన్నారు. ఆరా తీస్తే వాటికి పెట్టిన మేతలో బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క ఉందని, ఆ చెక్కకు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టిందని తేలింది. ఆ పేరులోంచే అఫ్లాటాక్సిన్ అన్న మాట పుట్టింది. ఈ విషం ముఖ్యంగా కాలేయాన్ని పట్టుకుంటుంది. మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి తరగతిలో దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ పరిశోధన విభాగం చేర్చింది.

ఇది దూరదేశపు కోళ్ల కథ మాత్రమే అనుకోకండి. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దులోని గిరిజన గ్రామాలలో కామెర్లు, పొట్ట ఉబ్బరంతో జనం మంచం పట్టారు. 397 మందికి జబ్బు చేస్తే 106 మంది చనిపోయారు. కారణం కనిపెట్టినవారిలో మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ముఖ్యులు. అకాల వర్షానికి తడిసిన మొక్కజొన్నకు ఈ బూజే పట్టింది. ఆ ఇండ్లల్లో కుక్కలు కూడా అదే తిండి తిని చచ్చాయి. తినేవారికి అది బూజు గింజ అని కనిపించకపోలేదు. కానీ ఇంట్లో ఉన్నది అదే. పేదవాడి దగ్గర "వద్దు" అనే మాటకు చోటు తక్కువ.

ఇక మన నేల సంగతి. సెప్టెంబరులో వాన మొహం చాటేసి, కాయ ముదిరే వేళ భూమి వేడెక్కితే ఈ బూజు చేలోనే కాయలోకి దూరుతుంది. కలుపు తీసేటప్పుడు కాయకు దెబ్బ తగిలితే దానికి దారి ఇంకా సులువు. తరువాత మనం చేసే తప్పు ఒకటుంది. మిషనుకు వేసే ముందు పప్పు విరగకుండా ఉండాలని కాయల మీద నీళ్లు చల్లుతాం. ఆ తడే బూజుకు విందు. పటాన్‌చెరువులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పరిశోధకులు ఇదే చెబుతూ వచ్చారు: కాయను సరైన వేళ పీకండి, తేమ ఎనిమిది శాతం లోపుకు వచ్చేదాకా ఎండబెట్టండి, నీళ్లు చల్లకండి, బస్తాలను గోడకు ఆనించకుండా చెక్కబల్లల మీద పెట్టండి. ఖర్చులేని సలహాలు ఇవి, ఓపిక మాత్రం కావాలి.

వేయిస్తే పోతుందిలే అని మీలో కొందరికి అనిపించవచ్చు. పోదు. వేయించినప్పుడు కొంత తగ్గుతుందేమో గాని, మన పొయ్యి మీది వేడికి ఈ విషం పూర్తిగా చావదు. బూజు కనపడని గింజలో కూడా అది ఉండవచ్చు.

ఇప్పుడు లెక్కల దగ్గరికి వద్దాం. మన దేశంలో నేరుగా తినే పప్పులో కిలోకు 10 మైక్రోగ్రాములకు మించి ఈ విషం ఉండరాదని చట్టం. అంటే పది కోట్ల వంతుల్లో ఒక వంతు. బాగా పాడైన ఒక్క గింజలో కిలోకు పది లక్షల మైక్రోగ్రాముల లెక్కన విషం దొరికిన సందర్భాలున్నాయి. గింజ బరువు 0.4 గ్రాములనుకుంటే అందులో 400 మైక్రోగ్రాములు. దాన్ని పదితో భాగించండి, నలభై వస్తుంది. ఆ ఒక్క గింజ పొడి చేసి కలిపితే నలభై కిలోల బస్తాను హద్దు దాకా తెస్తుంది.

మరి బస్తాలో ఆ గింజను ఎలా పట్టుకోవాలి? వెయ్యి గింజలకు ఒకటి పాడైనదనుకోండి. వ్యాపారి బస్తాలోంచి గుప్పెడు, అంటే వంద గింజలు తీసి పరీక్ష చేయిస్తే, ఆ పాడు గింజ చేతికి రాకుండా తప్పించుకునే అవకాశం నూటికి తొంభై. వెయ్యి గింజలు తీస్తే నూటికి ముప్పయ్యేడు. మూడు వేలు తీస్తేనే నూటికి ఐదుకు దిగుతుంది. అందుకే యూరప్ దేశాలు పెద్ద లాటుకు ఇరవై కిలోల వరకు నమూనా తీసి, అంతా నూరి కలిపి పరీక్షిస్తాయి. వాళ్ల హద్దు కూడా మనకన్నా కఠినం, నేరుగా తినే వేరుశనగకు కిలోకు 4 మైక్రోగ్రాములు. "మా సరుకు చూశాం, బాగానే ఉంది" అనే ముందు ఎన్ని గింజలు చూశామో చెప్పుకోవాలి. ఆస్ట్రేలియాలో వాన, ఎండ, నేల వేడి లెక్కలు వేసి ఏ చేను ప్రమాదంలో ఉందో కోతకు ముందే చెప్పే గణిత నమూనాలు కూడా తయారుచేశారు.

ఈ గణాంకశాస్త్రంలో మహామహుడు సి.ఆర్. రావుగారు మన పక్కవారే. 1920లో ఆయన హడగలిలో పుట్టినప్పుడు అది బళ్లారి జిల్లా. మన ఆదోని, ఆలూరు తాలూకాలు కూడా 1953 దాకా అదే బళ్లారి జిల్లాలో ఉండేవి. ఎంత జాగ్రత్తగా కొలిచినా కొలతలో తప్పు ఒక హద్దు కన్నా తగ్గదని ఆయన 1945లోనే లెక్కకట్టి చూపారు. 2023లో, నూట రెండేళ్ల వయసులో కన్నుమూశారు. ఆ ఏడే గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ఆయనకు ఇచ్చారు. ఆయన చెప్పిన హద్దునే 1960లలో క్వాంటం శాస్త్రజ్ఞులు అణువుల, కాంతి కణాల కొలతలకు అన్వయించారు. చూశారా, లెక్క పట్టుకుని పోతే క్వాంటం ఇంటి గుమ్మం ముందుకే వచ్చాం.

క్వాంటం అంటే భయపడకండి. చూపు కంటిలోంచి బయటికి పోదని, వెలుగే వస్తువు నుంచి కంటికి వస్తుందని పదకొండో శతాబ్దంలో ఇబ్న్ అల్ హైతమ్ వాదించి నిరూపించాడు. ఆ వెలుగు నీటిధారలా కాక చినుకులు చినుకులుగా లెక్కకు వస్తుందని 1905లో ఐన్‌స్టీన్ చెప్పాడు. ఆ చినుకులను లెక్కించే కొత్త పద్ధతిని 1924లో ఢాకాలో పాఠం చెప్పే సత్యేంద్రనాథ్ బోస్ కనిపెట్టాడు. మన విషం దగ్గర ఇది ఎలా పనిచేస్తుందో చూడండి. కంటికి కనపడని అతినీలలోహిత కాంతి, 365 నానోమీటర్లది, అఫ్లాటాక్సిన్ మీద పడితే దాని అణువు ఒక కాంతి చినుకును మింగుతుంది. కొంత శక్తి వేడిగా పోగొట్టుకుని, మిగిలినదాన్ని 425 నానోమీటర్ల నీలి కాంతిగా వదులుతుంది. ఇందులో మరో రకం పచ్చగా మెరుస్తుంది. నీలానికి, పచ్చకు ఉన్న ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలే బి, జి అని ఈ విషాలకు పేర్లయ్యాయి. గింజ మీద దీపం వేసి చూస్తే చాలదు, రసాయనంతో విషాన్ని వేరుచేశాకే మెరుపు నిజం చెబుతుంది. రంగు రంగుల వెలుగునిచ్చే క్వాంటం చుక్కలు కనిపెట్టినందుకు 2023లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. ఆ చుక్కలను పూసిన పరీక్ష పట్టీలతో ఇలాంటి విషాలను త్వరగా పట్టే పని ప్రయోగశాలల్లో సాగుతోంది.

మిగిలింది నాలుగోది, పారేసేదాన్ని సంపద చేయడం. కాయ బరువులో నాలుగో వంతుకు పైగా పొట్టే. అది బాయిలర్లలో ఇంధనం అవుతుంది. నూనె తీశాక మిగిలే చెక్కలో మాంసకృత్తులు దండిగా ఉంటాయి. మైసూరులో 1950లో పెట్టిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవారు వేరుశనగ పిండిలో వేయించిన శనగపిండి కలిపి పేద పిల్లలకు బలమైన ఆహారం తయారుచేశారు. ఆ మంచి ఆలోచనకు అడ్డం తగిలింది ఈ బూజే. నూనెను రిఫైన్ చేస్తే విషం దాదాపు పోతుంది, కానీ గింజలోని విషంలో ఎక్కువ భాగం చెక్కలో మిగులుతుంది. ఆ చెక్క బర్రె తింటే కొంత రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది. పత్తిగింజల చెక్కకూ ఇదే భయం ఉంది, ఆదోనివారు గుర్తుంచుకోవాలి. చెక్కను అమ్మోనియాతో శుద్ధిచేసి విషంలో చాలా భాగం విరిచే పద్ధతి ఉంది. అదీ కుదరకపోతే ఏరివేసిన గింజకు చోటు కొలిమే గాని కంచం కాదు.

పెద్దలారా, నా ప్రసంగం అంతా ఈ మాట కోసమే. బస్తాలోంచి పాడు గింజలను ఏరివేస్తే మంచి పప్పులో విషం తగ్గుతుంది. తగ్గినదంతా ఎక్కడికి పోయింది? ఏరివేత కుప్పలోకి. అంటే పైదేశానికి పోయే పప్పును శుభ్రం చేసిన ఆడమనిషి, ఆ మురికినంతా కొంగున కట్టుకుని తన పిల్లలకు తీసుకుపోతోంది. ఆ కుప్ప చవకగా చిక్కీలకు, పొడులకు అమ్ముడైతే బజారులో కొనేది కూడా మన పిల్లలే. మా అమ్మీని నేను తప్పుపట్టను. తెలిసిన తరువాత ఊరుకున్న నేను తప్పుపట్టదగినవాణ్ని.

అందుకని సంఘానికి మూడు మనవులు. మన సభ్యుల్లో మిల్లులు, అంగళ్లు ఉన్నవారు ఏరివేత గింజను కూలివారికి ఇవ్వకండి, తినుబండారాలకు అమ్మకండి, బదులుగా మంచి పప్పు పావుకిలో చేతిలో పెట్టండి. ఇంట్లో అమ్మలు ముడత పడినది, రంగు మారినది, చేదైనది ఎంత ఖరీదుపెట్టి కొన్నా పారేయండి. మూడోది, ఈ విషానికి హెపటైటిస్ బి తోడైతే కాలేయానికి ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. బిడ్డ పుట్టిన ఇరవైనాలుగు గంటల్లో ప్రభుత్వాసుపత్రిలో ఆ టీకా ఉచితంగా వేస్తారు, మరువకండి.

విద్యార్థులకు ఒక మాట. 2023లో కేంద్రప్రభుత్వం ఆరు వేల కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్ మంజూరు చేసింది. ఆ చదువులు పెద్ద పట్టణాల పిల్లలకే అనుకోకండి. హడగలిలో పుట్టిన బిడ్డ ప్రపంచానికి లెక్క నేర్పాడు. హొళగుంద బిడ్డ ఎందుకు నేర్పకూడదు?

ఈ గింజను ఇక్కడ బల్ల మీద పెట్టి వెళుతున్నాను. బాగున్నదో లేదో నాకూ తెలియదు, ఎవరూ తినకండి.  ఖుదా హాఫిజ్.