పనికిని ఒక సంకల్పము



మన యిండ్లలో వ్రతము జరుగునప్పుడు ఒక సంగతిని మీరందరును గమనించియే యుందురు. పురోహితుడు వచ్చినతోడనే పూజ మొదలుపెట్టడు. ముందు స్థలము శుభ్రము చేయించును, ముగ్గు వేయించును, పీట వేయించును, దీపము వెలిగించి ఆచమనము చేయించును. ఆ పిమ్మట సంకల్పము. మనము ఏ దేశమున, ఏ నదుల నడుమ, ఏ సంవత్సరమున, ఏ మాసమున, ఏ తిథియందు ఉన్నామో అందు చెప్పుకొందుము. మన గోత్రనామములు చెప్పుకొందుము. ఏమి చేయబోవుచున్నామో, ఎందులకు చేయబోవుచున్నామో చెప్పుకొందుము. కడపట ఉద్వాసన చెప్పిగాని పీట కదలింపము.

భక్తి మాట అట్లుండనిండు. కేవలము మనస్సు నడచు తీరును చూచినను ఇది మిక్కిలి తెలివైన యేర్పాటు. నాలుగుదిక్కులకు చెదరియున్న మనస్సును ఒక చోటికి, ఒక వేళకు, ఒక పనికి కట్టివేయుటకు ఇంతకంటె సులువైన ఉపాయము నాకు కనబడలేదు. పూజకు మనమిచ్చు ఈ మర్యాదలో కొంతభాగమైనను చదువునకు, లెక్కలకు, వ్రాతకు, చేతిపనికి ఇయ్యవలెనని నేడు నేను మనవి చేయదలచినాను.

ఏకాగ్రత పుట్టుకతో రావలెనుగాని తెచ్చుకొన్న వచ్చునది కాదని కొందరందురు. నే నంగీకరింపను. ఏకాగ్రత బలవంతముచేత వచ్చునది కాదు, ఏర్పాటుచేత వచ్చునది. పొలమునకు కంచె వేయనివాడు రాత్రులు మేలుకొని పశువులను తోలుకొనుచుండవలసినదే. కంచె వేసినవాడు నిద్రపోగలడు.

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండుదేశములో ఆంటొనీ ట్రాలప్ అను నవలాకారు డుండెను. ఆయన తపాలాశాఖలో ఉద్యోగి. 1867 వరకు ఆ కొలువును విడువలేదు. ఐనను తన జీవితకాలమున 47 నవలలు వ్రాసెను. ఇది యెట్లు సాధ్యమయ్యెనో, ఆయన మరణానంతరము 1883లో అచ్చయిన స్వీయచరిత్రమున దాపరికము లేకుండ చెప్పియున్నాడు. ఉదయము ఐదున్నర గంటలకు బల్లయొద్ద కూర్చుండెడివాడు. మొదటి అరగంట క్రిందటి దినము వ్రాసినది చదువుకొనెడివాడు. పిమ్మట గడియారము ఎదుట పెట్టుకొని పావుగంటకు 250 మాటల చొప్పున వ్రాసెడివాడు. ఉదయపు ఫలాహారమునకు లేచునప్పటికి ఆనాటి వ్రాతపని ముగిసియుండెడిది. నవలలు వ్రాయుటకై ఆయన ప్రత్యేకమైన ఉత్సాహము కొరకు కనిపెట్టుకొని కూర్చుండలేదు. వేళ వచ్చెను, కూర్చుండెను, వ్రాసెను.

మన దేశముననే చూడుడు. గాంధీమహాత్ముడు సోమవారమునాడు మౌనము పాటించెడివాడు. ఎవరైన వచ్చినయెడల, చెప్పవలసిన మాటను కాగితపుముక్కపై వ్రాసి చూపెడివాడు. దేశమంతయు తన వాకిట నిలిచియున్న కాలములో ఆయన వారమున కొక దినమునకు కంచె వేసికొనెను. ఎడతెగని మాటల యొత్తిడినుండి విశ్రాంతికై మొదలైన ఆ నియమము, పోనుపోను ఆయనకు ఆత్మావసరముగ పరిణమించెను. ఒకరు కాలముతో కంచె కట్టిరి. ఒకరు మౌనముతో కట్టిరి. కంచె వేరైనను కాపు ఒక్కటే.

కంచె లేనిచో కలుగు నష్టమెట్టిది? "ఒక్క నిమిషము పిలిచినంతమాత్రమున ఏమి పోయినది?" అని మన మందుము. పోవునది ఆ నిమిషము మాత్రమే కాదు. మగ్గముమీద పోగు తెగినచో నేతగాడు క్షణములో అతికివేయగలడు. తెగినచోటు కంటికి కనబడును గనుక. మనస్సులో తెగిన పోగు కంటికి కనబడదు. దానిని వెదకికొనుటకే చాల సేపు పట్టును. అమెరికాలో సోఫీ లెరాయ్ అను పరిశోధకురాలు 2009లో ప్రకటించిన వ్యాసమున ఈ విషయమును పరీక్షించి చూపినది. ఒక పనిని ముగింపకయే మరియొక పనికి మారినవారి ధ్యాస కొంత మొదటి పనియొద్దనే చిక్కుకొని యుండుననియు, అందుచే రెండవ పని కుంటుపడుననియు ఆమె తేల్చినది. తరువాత 2018లో ఆమెయు, థెరెసా గ్లోంబ్ అను మరియొక పరిశోధకురాలును కలిసి దీనికి విరుగుడును చూపిరి. పని నడుమ లేవవలసివచ్చినవారు, ఎచ్చట నిలిపితిమో, తిరిగివచ్చి మొదట ఏమి చేయవలెనో చిన్న చీటీమీద వ్రాసికొన్నచో ఆ చిక్కు సడలునట. మన ఉద్వాసనయందును ఇట్టి గుణమే కలదని నా యభిప్రాయము. చెప్పి మొదలుపెట్టుట యెంత ముఖ్యమో, చెప్పి ముగించుటయు అంత ముఖ్యము.

ఇక ఆచరణ. నేను పాటించు పద్ధతిని చెప్పెదను. అందు గొప్ప యేమియు లేదు. ఉదయము కాఫీ ముగిసిన వెంటనే పంచలో ఒక మూల నా చాప వేసికొందును. ఆ చాపమీద వార్తాపత్రిక చదువను, ఎవరితోను ముచ్చటింపను. అది పనికి మాత్రమే. ఒక చెంబు నీళ్లు ప్రక్కన పెట్టుకొందును. చేతిఫోనును వంటయింటిలో పెట్టి వత్తును. కాగితముమీద ఆనాడు చేయవలసిన పని నొక్క వాక్యములో వ్రాసికొందును. "చదువవలెను" అని వ్రాసిన చాలదు. "ఈ అధ్యాయమును ముగింపవలెను" అని వ్రాయవలెను. ఒక గంట తరువాత, మరునాడు ఎచ్చట మొదలుపెట్టవలెనో వ్రాసి, చాప చుట్టివేయుదును. కొన్నినెలలు ఇట్లు చేయగా, చాప పరచినంతనే మనస్సు తానుగా కూర్చుండుట కలవాటుపడినది.

"ఒక్క గదిలో పదిమంది మసలు మాయింట ఇది సాగునా?" అని మీ రడుగవచ్చును. గది లేకపోయినను చాప యుండును. చాప యున్నచోట హద్దు ఏర్పడును. గంట దొరకనివారికి అరగంట చాలును. అయితే నియమమును కొండంతగా పెట్టుకొనరాదు. అట్టిది మూడవనాటికే కూలిపోవును. నియమమే పనికంటె పెద్దదగుటయు తగదు. పెన్సిలు చెక్కుకొనుటతో, పుస్తకములు సర్దుకొనుటతో ప్రొద్దు పుచ్చుట పనిని తప్పించుకొను ఉపాయమేగాని దీక్ష కాదు. ముగ్గు అయిదు నిమిషములు, పూజ గంట యుండవలెనుగాని, ముగ్గు గంట, పూజ అయిదు నిమిషములు కారాదు.

ఇప్పుడు పెద్దలైన మీతో ముఖ్యముగా చెప్పవలసిన మాట యొకటి కలదు. ఇంటిలో మనుమడో మనుమరాలో పరీక్షకు చదువుకొనుచుందురు. "ఒరే, నా కళ్లజోడు తెచ్చిపెట్టు," "అమ్మాయీ, ఈ నంబరు కలిపిపెట్టు" అని పిలుచునది ఎవరు? తరచుగా మనమే. వారు పూజలో కూర్చున్నచో మన మట్లు పిలుతుమా? గడప దాటక నిలిచియుందుము. చదువుచున్న బిడ్డయొద్ద కూడ ఆ గడప యున్నదని మనము తలంపకపోవుటయే లోపము. పైగా, చదువునందు మనస్సు నిలుపవని ఆ బిడ్డనే నిందింతుము!

ఇందాక చెప్పిన ట్రాలప్ కథలో ఒక మనిషిని గూర్చి చెప్పక మిగిల్చినాను. ఆయన యింట ఒక వృద్ధసేవకు డుండెను. ప్రతి దినము వేకువను కాఫీతో వచ్చి యజమానుని లేపుట ఆతని పని. అందులకు ఏటికి అయిదు పౌనులు అదనముగ ముట్టెడివి. వారు వాల్తం క్రాస్ అను ఊర నున్న యేండ్లలో ఆతడు ఒక్కనాడైనను ఆలస్యము చేసి యెరుగడు. తనకు కలిగిన జయమునకు మరెవరికన్నను ఆ వృద్ధునకే తాను ఎక్కువ ఋణపడియుందునేమో యని ట్రాలప్ వ్రాసికొన్నాడు. నలువదియేడు నవలల వెనుక ఒక కాపలాదారుడు కలడన్నమాట.

ఇంటింట అట్టి కాపలాదారుడు కావలెను. ఆ పదవికి పెద్దలకంటె తగినవా రెవరు? నేటి సాయంకాలమే బిడ్డను చేరబిలిచి, "నీ గంట ఏది?" అని యడుగుడు. వారు చెప్పిన వేళను గోడమీది క్యాలెండరుపై వ్రాయుడు. ఆ గంటలో టెలివిజను నోరు కట్టుడు. వచ్చిన చుట్టమును అరుగుమీద కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చి మీరే మాటలాడుచుండుడు. కళ్లజోడును మీరే వెదకికొనుడు. మీ గంట యేదో మీరును నిర్ణయించుకొని, చాలకాలముగ మూలబడియున్న ఇంటిలెక్కలో, చదువదలచి చదువక యుంచిన పుస్తకమో ముందు పెట్టుకొనుడు. తాతగారు తన చాపమీద, మనుమరాలు తన చాపమీద గంటసేపు నిశ్శబ్దముగ కూర్చున్న యింటిలో ఏకాగ్రతను గూర్చి వేరుగ బోధింపవలసిన పని యుండదు.