సైన్యం వెళ్లే ముందు రాసుకోవలసిన షరతు

రాజనీతి, న్యాయశాస్త్రాలు చదివి ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు విదేశాంగ శాఖకో, రక్షణ శాఖకో, ఐక్యరాజ్యసమితికో వెళతారు. అక్కడ ఏదో ఒకరోజు మీ బల్ల మీదికి ఒక చిక్కు ఫైలు వస్తుంది. ఒక దేశంలో అంతర్యుద్ధం. సొంత ప్రజలనే హింసించిందని ఆరోపణలున్న ప్రభుత్వం. అదే మనల్ని సాయానికి పిలుస్తుంది. వెళ్లాలా, వద్దా? అలాంటివారితో చేతులు కలపకూడదని ఒకరు, దేశ ప్రయోజనం ముందు మిగతావన్నీ దిగదుడుపేనని మరొకరు తేల్చేస్తారు. రెండూ ఆలోచించే శ్రమ తప్పించుకునే జవాబులే. వెళ్లవచ్చని నేనంటాను. అయితే ఆ ప్రభుత్వం ఏం చేస్తే మన సాయం ఆగిపోతుందో వెళ్లకముందే కాగితం మీద ఉండాలి.

దీనికి మనదైన రుజువు శ్రీలంక. 1983 జులైలో కొలంబోలో తమిళుల ఇళ్లు, దుకాణాలు తగలబడుతుంటే అధ్యక్షుడు జయవర్ధనే ప్రభుత్వం చూస్తూ ఊరుకుందన్న నింద ఇప్పటికీ చెరగలేదు. 1987 జూన్‌లో తమిళ ప్రాంతమైన జాఫ్నా ప్రజలకు మన విమానాలు ఆకాశం నుంచి ఆహారం జారవిడిచాయి. రెండు నెలలు తిరక్కుండానే, జులై 29న, అదే ప్రభుత్వంతో రాజీవ్ గాంధీ ఒప్పందం చేసుకున్నారు. వెంటనే మన శాంతి పరిరక్షక దళం అక్కడ దిగింది. ఆ పత్రాన్ని తీరిగ్గా చదవండి. జతపరిచిన లేఖల్లో మన ప్రయోజనాలు గట్టిగానే ఉన్నాయి: ట్రింకోమలీ రేవును మనకు హాని కలిగేలా ఏ దేశమూ సైనికంగా వాడుకోకూడదు. తమిళులకు దక్కాల్సిన వాటి దగ్గరికి వచ్చేసరికి కలం మెత్తబడింది. ఉత్తర, తూర్పు రాష్ట్రాల కలయిక తాత్కాలికం. అది కొనసాగాలా వద్దా అని 1988 డిసెంబర్ 31లోగా తూర్పున ప్రజాభిప్రాయ సేకరణ. దాన్ని వాయిదా వేసే అధికారం శ్రీలంక అధ్యక్షుడిది. ఆ అభిప్రాయ సేకరణ ఎన్నడూ జరగలేదు. ఎవరి బాగు కోసమని ఒప్పందం రాశారో ఆ తమిళుల సంతకం ఒక్కటీ అందులో లేదు.

అక్టోబర్‌కల్లా మన దళమే తమిళ తిరుగుబాటు సంస్థ ఎల్‌టీటీఈతో యుద్ధంలో పడింది. జాఫ్నా ఆస్పత్రిలో వైద్యులు, నర్సులు, రోగులు కలిపి అరవై మందికి పైగా చనిపోయారు. ఎదురుకాల్పుల్లో పోయారని మన సైన్యం చెప్పింది; బతికి బయటపడ్డవారు ఆ మాట ఒప్పుకోలేదు. మన జవాన్లు దాదాపు 1,200 మంది నేలకొరిగారు. ఇవి తరచు చెప్పుకునేవే. చెప్పుకోనిది మరొకటుంది. ఉత్తరాన మనం కాపలా కాయడంతో శ్రీలంక సైన్యానికి దక్షిణాన తీరిక దొరికింది. అక్కడ తిరగబడిన సింహళ పార్టీ జేవీపీ కూడా నిర్దయగా చంపింది, కాదనను. కానీ ఆ తిరుగుబాటును అణిచేటప్పుడు వేలాది సింహళ యువకులు ఆచూకీ లేకుండా పోయారు. ఆ తుపాకులు మనవి కావు. ఆ వెసులుబాటు మాత్రం మనమిచ్చిందే, దాన్ని వెనక్కి తీసుకునే షరతేదీ మనం పెట్టుకోలేదు. చివరికి 1989లో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస మనల్నే పొమ్మన్నారు. మనతో పోరాడుతున్న ఎల్‌టీటీఈకి ఆయన ప్రభుత్వమే ఆయుధాలిచ్చింది.

ఎల్‌టీటీఈ మాత్రం తక్కువ తిందా అంటారు. లేదు, పసిపిల్లల చేతికి తుపాకులిచ్చింది, తోటి తమిళ నాయకులనే చంపింది. శత్రువు క్రూరుడైనంత మాత్రాన మిత్రుణ్ని నిలదీసే పని తప్పిపోదు. మనం వెళ్లకపోతే ఏ పట్టింపూ లేని ఇంకెవరో వెళతారన్నది ఇంతకంటే బరువైన వాదన. నిజమే, కానీ షరతు లేకుండా వెళితే ఆ ‘ఇంకెవరో’ మనమే అవుతాం. షరతులు పెట్టడం సార్వభౌమత్వాన్ని అవమానించడమే అనేవారికి కాంగో చూపిస్తాను. 2009లో అక్కడి సైన్యానికి తోడ్పడుతున్న ఐక్యరాజ్యసమితి దళం, పౌరులను చంపారన్న సమాచారంతో ఒక బ్రిగేడ్‌కు సాయం ఆపేసింది. ఆ అనుభవం నుంచే 2011లో సమితికి ఇలాంటి సాయంపై ఒక విధానం వచ్చింది. 2015లో తిరుగుబాటుదారులపై దాడికి కాంగో నియమించిన ఇద్దరు జనరళ్లపై హక్కుల ఉల్లంఘన ఆరోపణలున్నాయి. వారిని మార్చమని సమితి అడిగింది, కాంగో ససేమిరా అంది, సమితి పక్కకు తప్పుకుంది. కాంగో ఒంటరిగానే దాడికి దిగింది, తిరుగుబాటుదారులు అంతం కాలేదు. ఆ నష్టాన్ని తక్కువ చేసి చూపను. అయినా ఆ నిర్ణయం సరైనదేనంటాను, ఎందుకంటే పేచీ ఇద్దరు అధికారుల పేర్ల దగ్గరే మొదలైంది, మొత్తం యుద్ధం దగ్గర కాదు. ‘మానవ హక్కులను గౌరవించాలి’ అన్న వాక్యం చూపించి ఎవరూ ఏ సాయాన్నీ ఆపలేరు. ఫలానా దళం, ఫలానా అధికారి, ఫలానా గడువు అని రాసుంటే ఆపగలరు.