పంచాయతీ వెబ్‌సైటు: అలంకారము, ఆవశ్యకత

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగనాడు ఇంటి ముంగిట ముగ్గు పెట్టుట మన ఆచారము. ముగ్గు వాకిలికి శోభ నిచ్చును గాని, వచ్చినవారి త్రోవకు అడ్డు రాదు. గ్రామ పంచాయతీ వెబ్‌సైటునకు చేయు అలంకారము కూడ ఇట్లే యుండవలెను. నేడు నేను మనవి చేయదలచినది, అక్షరముల వెనుక శోభకై పరచెడి నేపథ్య చిత్రమును గూర్చి.

ఒక గ్రామమున నేను స్వయముగా చూచిన సంగతి చెప్పెదను. అచ్చటి పంచాయతీవారు తమ చెరువుకట్ట ఫోటోను వెబ్‌సైటు వెనుక నిండుగ పరపించి, దానిపై తెల్లని అక్షరములతో పింఛనుదారుల జాబితాను ప్రకటించిరి. కార్యాలయపు కంప్యూటరుపై అది కన్నుల పండువుగ నుండెను. ఒక వృద్ధురాలు తన పేరున్నదేమో చూడుమని మనుమనికి చెప్పెను. ఫోనుకు సిగ్నలు బలహీనము, ఫోటో రాలేదు. తెల్లని తెరపై తెల్లని అక్షరములు! "ఏమీ లేదు అవ్వా" అని బాలుడనెను. తన పేరు తీసివేసిరని ఆమె రెండు దినములు దుఃఖించినది. పేరు జాబితాలోనే యుండెను.

లోపమెచ్చట నున్నది? ఫోను కెమెరాతో తీసిన ఫోటో 4,000 చుక్కల వెడల్పు, 3,000 చుక్కల ఎత్తు గలదనుకొనుడు. ఈ చుక్కలనే పిక్సెళ్లందురు. మొత్తము 1 కోటి 20 లక్షలు. ఫైలు 3 మెగాబైట్లున్నచో, సెకనుకు 1 మెగాబిట్ వేగమున చేరుటకు 24 సెకనులు పట్టును. తెలుగు అక్షర సంకేతము యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు. 2,000 సంకేతముల ప్రకటనకు 6 కిలోబైట్లు చాలును. అనగా అసలు విషయముకంటె అలంకారము 500 రెట్లు బరువైనది.

దీనికి ఉపాయములు కలవు.

మొదటిది కొలత. చిత్రమును 1,000 చుక్కల వెడల్పునకు, 750 చుక్కల ఎత్తునకు తగ్గించినచో చుక్కల సంఖ్య పదునారవ వంతగును. నాణ్యత తగ్గించి ఫైలును కుదించుట మాత్రమే చాలదు. తెరపై విప్పునపుడు ప్రతి చుక్కకు సాధారణముగ 4 బైట్ల చొప్పున ఫోను జ్ఞాపకస్థలము ఖర్చగును; పెద్ద ఫోటోకు అది 48 మెగాబైట్లు. ఫోనునకు చిన్న చిత్రము, కంప్యూటరునకు పెద్ద చిత్రము పంపునట్లు సిఎస్‌ఎస్ నియమములలో వ్రాయవచ్చును.

రెండవది రూపము. ఫోటోలకు జెపెగ్ చాలకాలముగ వాడుకలో నున్నది. 2010లో గూగుల్ సంస్థ ప్రకటించిన వెబ్‌పి రూపములో అదే ఫోటో తరచుగ ఇంకను చిన్న ఫైలగును. ముగ్గులు, గీతలు మున్నగువానికి ఎస్‌విజి మేలు. అది చుక్కలను గాక గీతల వివరమునే దాచును గనుక ఎంత పెద్ద తెరపైనను మసకబారదు.

మూడవది పునరావృతి. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకమువారు ఒక చెక్క అచ్చునే మరల మరల అద్ది బట్ట నింతయు నింపుదురు. వెబ్‌సైటులోను అట్లే చేయవచ్చును. 200 చుక్కల చదరపు నమూనాలో నుండునవి 40,000 చుక్కలే. పెద్ద ఫోటోలో ఇది 300వ వంతు.

నాల్గవది రంగు. చిత్రము క్రింద ముదురు రంగు నొకదానిని తప్పక నిర్దేశించవలెను. చిత్రము రాకున్నను అక్షరములు కనబడును. చిత్రము వచ్చిన పిదపయు, అక్షరములకు నేపథ్యమునకు గల కాంతి భేదము 4.5కు 1 కంటె తక్కువ కారాదని అంతర్జాతీయ వెబ్ మార్గదర్శకములు చెప్పుచున్నవి.

ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది: గ్రామసభ తేదీ, ఫోను నంబరు వంటివి చిత్రములో వ్రాయింపరాదు. అంధులకు తెరను చదివి వినిపించు సాధనములు నేపథ్య చిత్రములోని వ్రాతను చదువవు.

చెరువుకట్ట ఫోటో తీసివేయుడని నేను చెప్పుట లేదు. ఊరి అందమును చూపుట తప్పు కాదు. కాని వెబ్‌సైటు తయారుచేసినవారికి సొమ్ము చెల్లించుటకు ముందు, తక్కువ ధర ఫోను నొకదానిని సిగ్నలు మందముగ నుండు చోటికి తీసికొనిపోయి తెరిచి చూడుడు. జాబితా చదువగలిగినచో అంగీకరించుడు. లేనిచో సవరింపుమని కోరుడు. నేను చెప్పిన గ్రామమువారు చిత్రమును కుదించి, క్రింద ముదురాకుపచ్చ రంగు నుంచిరి. చెరువుకట్ట ఇప్పటికిని అచ్చట నున్నది. అవ్వ పేరును కనబడుచున్నది.