సీటు వచ్చింది, ఇక లెక్క చూద్దామా?

(రేడియో ప్రసంగ పాఠము)

 

ఫలితాలు వచ్చిన తరువాత ప్రతి ఇంట్లో ఒకే మాట వినబడుతుంది. ఏ కాలేజీ? ఎంత ఫీజు? ఎవరు కడతారు? ఇది ప్రార్థనలో పెట్టవలసిన సంగతి. అయితే కాగితం మీద కూడా పెట్టవలసిన సంగతి. ఈనాడు మనము ధ్యానించబోయేది అదే.

లూకా సువార్త 14వ అధ్యాయము 28 నుండి 30 వచనములు మీరు ఇంటి దగ్గర చదువుకొనండి. గోపురము కట్టాలనుకొన్న మనుష్యుని గూర్చి ప్రభువు అక్కడ మాట్లాడుతున్నాడు. పునాది వేసి, పైకి కట్టలేక ఆగిపోతే చూచేవారు నవ్వుతారు. అందుకే తెలివిగలవాడు మొదట కూర్చుంటాడు, ఖర్చు లెక్క వేసుకుంటాడు. శిష్యరికము ఎంత విలువైనదో చెప్పడానికి ప్రభువు ఈ ఉపమానము చెప్పాడు. కానీ ఆయన ఏ ఉదాహరణ ఎంచుకొన్నాడో గమనించండి. లెక్క చూచేవానిని అవిశ్వాసి అనలేదు, బుద్ధిమంతునిగా చూపించాడు.

ప్రియులారా, ఈ పాఠము నేను ఆలస్యముగా నేర్చుకొన్నాను. దాచకుండా చెబుతాను.

నేను పాతబస్తీలో సేవ చేస్తున్నాను. కొన్ని సంవత్సరాల క్రితం మా సంఘములో ఒక తాపీ మేస్త్రీ కుమారునికి ఊరి బయట ఒక ప్రైవేటు కళాశాలలో ఇంజనీరింగు సీటు వచ్చింది. తండ్రి నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, చేర్పించమంటరా, వద్దా?" అని అడిగాడు. నేను ఏమన్నానో తెలుసా? "దేవుడు చూచుకుంటాడు, చేర్పించు" అన్నాను. ఫీజు ఎంత అని అడగలేదు. ప్రభుత్వము ఎంత ఇస్తుంది, మిగిలినది ఎక్కడ నుండి వస్తుంది అని అడగలేదు. ఆదివారం ఆరాధనలో ఆ అబ్బాయిని నిలబెట్టి చప్పట్లు కొట్టించాను.

ఆ తండ్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. అంటే లక్షకు నెలకు మూడు వేలు, ఏడాదికి 36 వేలు వడ్డీయే. మూడవ సంవత్సరములో అబ్బాయి చదువు ఆగిపోయింది. బాకీ తీరేవరకు పదవ తరగతి, ఇంటర్ సర్టిఫికెట్లు కళాశాల దగ్గరే ఉండిపోయాయి. ఆ తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. గుడికి రావడం మాత్రం తగ్గించాడు. నేను విశ్వాసము అనుకొన్నది నిజానికి నా సోమరితనము. కూర్చుండి లెక్క చూడడానికి నాకు ఓపిక లేకపోయింది.

గత సంవత్సరం మరల అదే ప్రశ్న నా ఇంటికి వచ్చింది. శాలిబండ దగ్గర ఉండే ఒక సహోదరుడు ఆటో నడుపుతాడు. అతని కుమార్తెకు ఎప్‌సెట్ కౌన్సెలింగులో కంప్యూటర్ సైన్సు సీటు వచ్చింది. 2023 వరకు మన తెలంగాణలో ఎంసెట్ అనేవారము, ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు. ఆ పాప 'దోస్త్' ద్వారా డిగ్రీకి కూడా దరఖాస్తు పెట్టుకొన్నది. కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయములో బీఎస్సీ సీటు కూడా వచ్చింది. అదే మనము ఎరిగిన కోఠి ఉమెన్స్ కాలేజీ. ఇప్పుడు దానిని వీరనారి చాకలి ఐలమ్మ విశ్వవిద్యాలయము అంటున్నారు.

తండ్రి, "బిడ్డకు రెండు సీట్లొచ్చినయి అయ్యగారూ. మీరే చెప్పాలె" అన్నాడు. తల్లి మాత్రం, "ఇంజనీరింగు వదిలేస్తే చుట్టాల్ల మా ఇజ్జత్ పోదా?" అన్నది.

ఈసారి నేను సలహా చెప్పలేదు. "ఒక తెల్లకాగితం తీసుకురా బిడ్డా" అన్నాను. నలుగురము కూర్చున్నాము. పాపే వ్రాసింది.

ఇంజనీరింగు ఫీజు ఏడాదికి లక్షా పది వేలు. ఆమె ర్యాంకు పదివేలు దాటింది కాబట్టి, ఆమె కేటగిరీకి ప్రభుత్వము ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటు 35 వేలు. మిగిలినది 75 వేలు. కాలేజీ బస్సుకు మరొక 35 వేలు. అంటే ఇంటి నుండి ఏడాదికి లక్షా పది వేలు పోవాలి. నాలుగేళ్లకు 4 లక్షల 40 వేలు. పుస్తకాలు, పరీక్ష ఫీజులు, ల్యాప్‌టాప్ ఇందులో లేవు. నగరములో ఫీజు రీయింబర్స్‌మెంటు రావాలంటే కుటుంబ ఆదాయము ఏడాదికి రెండు లక్షలు మించకూడదు. రెండు లక్షల లోపు వచ్చే ఇంట్లో నుండి లక్షా పది వేలు తీస్తే, అయిదుగురు ఏమి తింటారు?

తండ్రి ఆ అంకె వైపు చూస్తూ చాలాసేపు మౌనముగా ఉన్నాడు. మొదటిసారి ఎవరో తనకు నిజము చెప్పినట్టు ఉన్నది అతని ముఖము.

ప్రియ శ్రోతలారా, తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్లకు అది వర్తించదు. "ముందు చేరండి, తరువాత చూద్దాం" అని ఎవరైనా అంటే, ఏ కోటాలో చేర్చుకొంటున్నారో కాగితము మీద అడగండి. రెండవది, వస్తుందన్న డబ్బు సమయానికి రాకపోవచ్చు. 2025 నవంబరులో ఈ బకాయిల కొరకే రాష్ట్రములో అనేక ప్రైవేటు కళాశాలలు కొన్ని రోజులు మూతబడిన సంగతి మీకు తెలుసు. ఆలస్యమైతే మీరు ఎంతకాలము తట్టుకోగలరో ముందే ఆలోచించండి. మూడవది, ఒరిజినల్ సర్టిఫికెట్లు కళాశాలలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే ఆదేశించింది. పరిశీలించి తిరిగి ఇవ్వాలి. ఈ మాట గుర్తు పెట్టుకొనండి, మర్యాదగా అడగండి.

అప్పు తప్పనిసరి అయితే వడ్డీ వ్యాపారి గుమ్మము ఎక్కకముందు బ్యాంకుకు వెళ్లండి. నాలుగు లక్షల వరకు విద్యా రుణానికి సాధారణముగా ఆస్తి తాకట్టు అడగరు. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకములో ఆదాయాన్ని బట్టి వడ్డీలో సహాయము కూడా ఉన్నది. అయితే అన్ని కళాశాలలు ఆ జాబితాలో లేవు. మీ కళాశాల ఉన్నదో లేదో చేరకముందే చూచుకొనండి.

ఇది విని ఎవరైనా, "అయితే పేదవారు ఇంజనీరింగు చదవకూడదా?" అని అడగవచ్చు. నేను అలా అనడం లేదు. మా సంఘములోనే మరొక అబ్బాయికి పదివేల లోపు ర్యాంకు వచ్చింది. అతనికి పూర్తి ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది. ఆ ఇంట్లో తల్లి భయపడి, "మనకెందుకులే అంత పెద్ద చదువు" అన్నది. ఆమెకూ అదే తెల్లకాగితము ఇచ్చాము. లెక్క చూచిన తరువాత ఆమె ధైర్యముగా పంపించింది. లెక్క చూడకుండా దూకడం విశ్వాసము కాదు. లెక్క చూడకుండా వెనుదీయడం కూడా విశ్వాసము కాదు.

మరికొందరు స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టడానికి సిగ్గుపడతారు. ఎందుకు సిగ్గు? ఈ హైదరాబాదులోనే పుట్టిన సరోజినీ నాయుడు గారు 1895లో ఆరవ నిజాము ఇచ్చిన విద్యార్థి వేతనముతోనే ఇంగ్లండు వెళ్లి చదువుకొన్నారు. ఆమె తండ్రి నిజాం కాలేజీ ప్రిన్సిపాలుగా పనిచేసినవారు. అయినా సహాయము తీసుకొన్నారు. ఆరోగ్యము బాగులేక 1898లో పట్టా లేకుండానే తిరిగి వచ్చారు. ఆమె పేరు మాత్రము దేశమంతా నిలిచింది. మనిషి విలువ కాలేజీ బోర్డు మీద వ్రాసి ఉండదు.

అయితే ఒక హెచ్చరిక. ఆదాయ ధృవీకరణ పత్రము కొరకు మీసేవకు వెళ్లినప్పుడు అబద్ధము వ్రాయించకండి. ఉన్నవాడు లేనివానిగా వ్రాయించుకొంటే, ఆ డబ్బు నిజముగా లేనివాని బిడ్డది. ప్రార్థనతో మొదలుపెట్టిన చదువుకు అబద్ధముతో పునాది వేయవద్దు.

ఇప్పుడు సంఘముతో ఒక మాట. రెండవ రాజుల గ్రంథము 4వ అధ్యాయములో ఒక విధవరాలు ఉన్నది. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను తీసుకుపోవడానికి వచ్చాడు. ఆమె ఎలీషా దగ్గర మొఱ్ఱపెట్టింది. ప్రవక్త ఆమెను అడిగినది, ఇంట్లో ఏమున్నది అని. ఉన్నది కొంచెము నూనె. అయితే అద్భుతము ఆ ఇంట్లోని పాత్రలతో జరగలేదు. ఇరుగుపొరుగువారి ఇండ్ల నుండి తెచ్చిన ఖాళీ పాత్రలతో జరిగింది. పొరుగువారు తలుపు వేసుకొని ఉంటే ఆ నూనె దేనిలో పోసేది?

నా ప్రియ సహోదరీ, సహోదరుడా, మనము ఆ పొరుగువారము. మన బిడ్డలకు చప్పట్లు మాత్రమే ఇస్తే చాలదు. మీకు కంప్యూటరు తెలిస్తే, వెబ్ ఆప్షన్లు పెట్టే రోజున ఒక బిడ్డ పక్కన కూర్చుండండి. ఆప్షన్ల వరుస తప్పితే సీటే మారిపోతుంది. మీరు చదువు ముగించినవారైతే పుస్తకాలు ఇవ్వండి. మా చిన్న సంఘములో ఇప్పుడు ప్రతి నెల మొదటి ఆదివారం ఒక పెట్టె పెడుతున్నాము. అందులో పడేది కొంచెమే. మొదట దానితో ఆ మేస్త్రీ కుమారుని బాకీ కొంత తీర్చి సర్టిఫికెట్లు విడిపించాము. అతడు పగలు పని చేసుకుంటూ డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయములో డిగ్రీ చదువుతున్నాడు. తండ్రి మరల గుడికి వస్తున్నాడు. నేను అతనిని క్షమాపణ అడిగాను.

మరి శాలిబండ పాప సంగతి? ఆ రాత్రి కాగితము ఇంటికి తీసుకుపోయింది. రెండు రోజుల తరువాత వచ్చి, "కోఠికి పోతా అయ్యగారూ. బీఎస్సీ లెక్కలు చదివినోళ్లు ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో సంవత్సరంల చేరొచ్చంట. లేకుంటే ఐసెట్ రాసి ఎంసీఏ చేస్తా. దారి మూసుకపోలేదు" అన్నది. ఈ సంగతులు నేను చెప్పలేదు, తానే కనుక్కొన్నది. ఇప్పుడు చార్మినార్ దగ్గర బస్సు ఎక్కి, నయాపూల్ మీదుగా మూసీ దాటి కోఠికి వెళుతుంది. 2023 డిసెంబరు నుండి ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సులో టిక్కెట్టు లేదు కాబట్టి దారి ఖర్చు కూడా లేదు. తల్లిని మొన్న అడిగాను. "చుట్టాలు ఒక్క వారం మాట్లాడిండ్రు అయ్యగారూ. అప్పు అయితే పదేండ్లు మాట్లాడేది" అన్నది.

ప్రియ శ్రోతలారా, ఈ రాత్రి భోజనమైన తరువాత మీ ఇంట్లో ఒక తెల్లకాగితము తీయండి. బిడ్డ చేతికి కలము ఇవ్వండి. ఇంట్లో ఉన్నది, రావలసినది, తగ్గినది అన్నీ వ్రాయండి. తరువాత ఆ కాగితము మీద చేతులుంచి ప్రార్థన చేయండి.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, చదువు కొరకు ఎదురుచూస్తున్న ప్రతి బిడ్డను జ్ఞాపకము చేసుకొనుము. సీటు రాక ఏడుస్తున్నవారిని ఓదార్చుము. లెక్క చూచే బుద్ధిని, అడుగువేసే ధైర్యమును తల్లిదండ్రులకు దయచేయుము. మా సంఘములను తలుపు తీసే పొరుగువారిగా చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.